పక్కింటి మేపుల్ చెట్టు మీద మంచె

మా వీధిలో జింకలను ప్రేమించేవాళ్లు చాలామంది ఉన్నారు. లెక్కపెట్టేదాన్ని నేనొక్కదాన్నే. ప్రేమించడానికి ఒక ఫోన్ ఉంటే సరిపోతుంది. లెక్కపెట్టాలంటే మాత్రం చీకటి పడబోయే వేళ వెనక డెక్ మీద కదలకుండా నిలబడాలి. ఏది ఏదో గుర్తుపట్టాలి, ఒకదాన్నే రెండుసార్లు కలపకుండా చూసుకోవాలి. ముప్ఫై ఏళ్లు మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసినదాన్ని కనుక నాకు ఈ పని కష్టమనిపించదు. చెవి చిరిగినది, కుడి వెనక కాలు ఈడ్చేది, మెడ మీద తెల్ల మచ్చ ఉన్నది, ఇలా ఆడవాటన్నిటికీ గుర్తులు పెట్టుకున్నాను. నిజానికి వీటిని జింకలనడం తప్పు. ఏటేటా కొమ్ములు రాల్చి మళ్లీ మొలిపించుకునేవి దుప్పులు. కాని ఇక్కడి తెలుగువాళ్లంతా జింకలనే అంటారు. వాళ్లతో పెట్టుకోవడానికి వేరే తగువులు కావలసినన్ని ఉన్నాయి కనుక ఈ ఒక్కటీ వదిలేశాను.

మా ఇల్లు న్యూజెర్సీలో, పిస్కాటవేకి కారులో పది నిమిషాల దూరం. ఇళ్ల వరస వెనక ఓక్ చెట్ల అడవి, దాని మధ్య ఒక వాగు. 1989లో మేము ఇల్లు కొన్నప్పుడు ఆ అడవిలోకి చూస్తే పది అడుగుల అవతల ఏముందో కనిపించేది కాదు. అంత పొద ఉండేది. ఇప్పుడు వాగు దాకా నేల కనిపిస్తుంది. జింక మూతి అందేంత ఎత్తు వరకు పచ్చదనమన్నది లేదు, మంగలి కత్తెర పెట్టినట్టు. పెద్ద ఓక్ చెట్ల కింద ఒక్క ఓక్ మొక్క లేదు. ఆ చెట్లు పడిపోతే వాటి చోటులో నిలబడడానికి ఏదీ లేదు. దాన్ని చూసి మా వీధివాళ్లు, “ఎంత క్లీన్‌గా ఉంది ఆంటీ, పార్క్‌లా!” అంటారు.

మేము వచ్చిన కొత్తలో ఒకటో రెండో కనిపించేవి. రెండేళ్ల కిందటి వేసవికి పంతొమ్మిది అయ్యాయి. అందులో పన్నెండు ఈడొచ్చిన ఆడవి.

నాకు జింకల మీద పగ లేదు. ఆ జూన్ నెలలో మా ఆయనకు జబ్బు చేయకపోతే నేను డెక్ మీద నిలబడి వాటిని లెక్కపెట్టుకుంటూ, మా వీధివాళ్లను మనసులో తిట్టుకుంటూ మిగిలిన కాలం గడిపేసేదాన్ని. మా ఆయనకు ఇంటి వెనక సొరపాదు, చిక్కుడు పందిరి, మల్లె కుండీలు ఉన్నాయి. రిటైరయినప్పటి నుంచీ ఆయన ఇంట్లో కన్నా అక్కడే ఎక్కువ ఉంటారు. నువ్వుగింజంత పిడుదు మోకాలి వెనక ఎప్పుడు కుట్టిందో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. పది రోజులు నీరసమన్నారు. ఒక పొద్దున మెట్ల మీద కూలబడ్డారు. ఆసుపత్రిలో గుండె నిమిషానికి ముప్ఫై ఎనిమిది సార్లు కొట్టుకుంటోందన్నారు, పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు గుండె దాకా పాకిందన్నారు. మెడ దగ్గర నుంచి గుండెలోకి, దాన్ని నడిపించడానికి, తాత్కాలికంగా తీగ వేశారు. మందులకు తగ్గింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, “మళ్లీ కుడితే ఇంత అదృష్టం ఉంటుందని చెప్పలేను. పెరట్లోకి వెళ్లకపోవడం మంచిది,” అంది.

ఆయన తల ఊపి, ఇంటికొచ్చిన మూడో రోజు పందిరి కింద ఉన్నారు.

“డాక్టరు ఏమంది?” అన్నాను.

“చిక్కుడుకాయలు ఎవరు కోస్తారో ఆవిడనే చెప్పమను.”

“నేను కోస్తాను.”

“నువ్వు లేతవి కూడా తెంపేస్తావు,” అని వెనక్కి తిరిగారు.

ఆయనను లోపల కట్టేయలేను. పిడుదులకు మందు కొట్టించాను. వానకు కొట్టుకుపోయింది. పెద్ద పిడుదులు చలికాలమంతా తిని, కలిసి, గుడ్లకు సిద్ధమయ్యేది జింకల ఒంటి మీద. జింకలు తగ్గితే అవీ తగ్గుతాయని, ఎంత తగ్గుతాయో ఎవరూ హామీ ఇవ్వరని ఊరి ఆఫీసులో చెప్పారు. హామీ లేకపోయినా పరవాలేదనుకున్నాను. వచ్చే వసంతానికి ఆ పంతొమ్మిది సగం కావాలి. అప్పుడు ఆయన పెరట్లో తిరగవచ్చు. నాకు కావలసింది అదొక్కటే.

ఆగస్టులో ఊరివాళ్ల నోటీసు వచ్చింది. వెనక అడవిలో బాణాలతో వేటాడడానికి అనుమతి ఇస్తారట. తుపాకులు కుదరవు. వేటగాళ్లు ముందు గురి పరీక్ష పాసవ్వాలి. మొదట ఆడజింకను కొట్టినవాళ్లకే తరువాత మగదాన్ని కొట్టే హక్కు. ఈ చివరి నియమం పెట్టినవాడెవడో బుద్ధిమంతుడు. కొమ్ములవాటిని ఎన్ని కొట్టినా మంద తగ్గదు. మిగిలిన ఒక్క మగది చాలు, పన్నెండు ఆడవీ మేలో ఈనుతాయి, సాధారణంగా రెండేసి. తగ్గించాలంటే ఆడవాటినే కొట్టాలి. మా వీధిలో ఇది వినలేక చెవులు మూసుకున్నవాళ్లంతా మాస్టర్స్ డిగ్రీలవాళ్లు.

ఇక్కడ ఒక చిక్కు. ఇంటికి నూట యాభై అడుగుల లోపల మంచె కట్టాలంటే ఆ ఇంటివాళ్ల సంతకం ఉండాలి. జింకలు అడవిలోంచి వచ్చే దారి వాగు ఒడ్డున ఇరుకై, మా పక్కింటివాళ్ల కంచె వెనకున్న మేపుల్ చెట్టు కింద నుంచి పోతుంది. మంచె అక్కడ ఉండాలి. ఆ చెట్టు మా పక్కింటాయన ఇంటికి దగ్గర. కాబట్టి నాకు ఆయన సంతకం కావాలి.

పక్కింటాయనకు యాభై ఏళ్లుంటాయి. ఐటీ కంపెనీలో డైరెక్టరు, మా ఇళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఆయన భార్యకు వాట్సాప్‌లో జింకల బొమ్మలు పంపుకునే ఒక గుంపు ఉంది. జింకలకు మేత పెట్టడం మొదలుపెట్టింది ఈ ఇంటివాళ్లే. ఆయన తండ్రి పోయిన తరువాతి ఏడు తద్దినం పెట్టినప్పుడు పురోహితుడు, పిండాలు ఆవుకు పెట్టమన్నాడు. ఇక్కడ ఆవెక్కడిది? అదే నాలుక్కాళ్లు, అదే గడ్డి తిండి, అదే నెమరు అనుకుని, పిండాలు పళ్లెంలో పెట్టి కంచె దగ్గర పెట్టారు. జింకలు వచ్చి తిన్నాయి. “నాన్నే వచ్చి తిన్నట్టనిపించింది ఆంటీ,” అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాట వీధిలో పాకింది. ఆ తరువాత ప్రతి అమావాస్యకు ఎవరో ఒకరు అన్నం, ఎవరో అరటిపళ్లు, గురువారాలు నానబెట్టిన శనగలు. ఏడాది తిరిగేసరికి తద్దినాలతో పని లేకుండా, రోజూ సాయంత్రం పక్కింటి కంచె దగ్గర మిగిలిన అన్నం, మొక్కజొన్న గింజలు. ఆవుకు పెట్టాల్సింది అడవి జంతువుకు పెట్టి పుణ్యం వచ్చిందనుకునే పొరపాటు ప్రపంచంలో ఇంకెవరూ చేయరు. మనవాళ్లే చేయగలరు.

సెప్టెంబరు మొదటి వారంలో క్లబ్‌హౌస్‌లో సమావేశం పెట్టారు. నేను సంతకం పెట్టాల్సిన కాగితం తీసుకుని వెళ్లాను.

“ఆంటీ, వి ఆర్ హిందూస్,” అని మొదలుపెట్టాడు పక్కింటాయన. “మన బ్యాక్‌యార్డ్‌లో కిల్లింగ్ ఏంటి? పిల్లలు ట్రామటైజ్ అవుతారు.”

“ఆదివారం మీ ఇంట్లో మేకను వండారు. పిల్లలకు ఏమీ కాలేదా?”

“దట్ ఈజ్ డిఫరెంట్ ఆంటీ.”

ఆయన భార్య అందుకుంది. “వాటి కళ్లు చూశారా ఆంటీ? ఆ కళ్లు చూసి ఎలా చంపబుద్ధవుతుంది?”

“మేక కళ్లు చూడలేదా?”

“అది షాప్‌లో కట్ చేసి ఇస్తారు కదా ఆంటీ.”

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన మాట అని వాళ్లకు తెలియలేదు.

వెనక వరసలోంచి ఒక కుర్రాయన చెయ్యెత్తాడు. “వాటికి బర్త్ కంట్రోల్ ఇవ్వొచ్చు కదా? నేను ఆర్టికల్ చదివాను.”

“ఇవ్వవచ్చు,” అన్నాను. “పన్నెండు ఆడజింకలకూ సూది మందు వేయాలి. ఏది వేయించుకుందో గుర్తు పెట్టాలి. మందు ప్రభావం పోగానే మళ్లీ వేయాలి. అవి మాత్రం పంతొమ్మిదీ అలాగే ఉండి అలాగే తింటాయి. సూది పట్టుకుని మీరు వస్తారా?”

“నేను… ఐ వాజ్ జస్ట్ సజెస్టింగ్ ఆంటీ.”

“వేరే ఫారెస్ట్‌కి షిఫ్ట్ చేయిస్తే?” అన్నారెవరో.

“తీసుకునే అడవి ఏదీ లేదు, పంపడానికి అనుమతీ లేదు. ఏటేటా ఎన్ని పుడతాయో ఎవరైనా లెక్క కట్టారా?” అని అడిగాను. సగం మంది ఫోన్లు చూసుకున్నారు. చేతులెత్తమంటే వేటకు ఒప్పుకున్నవాళ్లు ఎక్కువే వచ్చారు. జింకల మీద దయ ఉన్నవాళ్లలో చాలామంది ఇళ్లు అడవికి దూరం, సంతకం అవసరమే లేదు. అవసరమైనవాడు ఒక్కడే. అతడు కాగితాన్ని రెండు వేళ్లతో నా వైపు జరిపి, “సారీ ఆంటీ. అంకుల్ హెల్త్ గురించి నేను రోజూ ప్రే చేస్తున్నా,” అన్నాడు.

ప్రార్థనకు సంతకం అక్కర్లేదు మరి.

చివరకు మంచె మా పెరటి మూలనున్న బీచ్ చెట్టుకు కట్టించాను. చోటు మంచిది కాదని నాకూ తెలుసు. వేటకు వచ్చినామె తెలుగమ్మాయే. ఇక్కడే పుట్టింది, ముప్ఫై నాలుగేళ్లు, ఫిజియోథెరపిస్టు. పెన్సిల్వేనియాలోని అమెరికన్ అత్తగారు ఆమెకు విల్లు పట్టడం నేర్పింది. వాళ్లమ్మ నాకు పాత పరిచయం. కూతురు శనివారాలు ఎక్కడికి పోతుందంటే, “హైకింగ్ చేస్తుందండీ,” అని గుళ్లో అందరికీ చెబుతుంది.

ఆ అమ్మాయి మొదటిరోజు పెరటంతా తిరిగి, పిడికెడు తెల్ల పొడి గాల్లోకి వదిలింది. పొడి అడవి వైపు పోయింది.

“గాలి ఇటు నుంచి అటు పోతుంది ఆంటీ. బ్యాడ్. నా స్మెల్ వాళ్లకి వెళ్తుంది.”

“వాటికి.”

“వాటికి. ఆ మేపుల్ ట్రీ బెస్ట్. అక్కడ ఎందుకు వద్దు?”

“ఆ చెట్టు దగ్గరి ఇంటాయనకు దయ ఎక్కువ.”

పని తెలిసిన పిల్లే. వాసన లేని సబ్బుతో ఉతికిన బట్టలను ఎండాకులు నింపిన డబ్బాలో పెట్టి తెచ్చేది. చెట్టెక్కాక నడుముకు పట్టీ బిగించుకునేది. మనిషి ఇరవై అడుగుల ఎత్తులో ఉంటే జింక తల పైకెత్తి చూడదట. ఇరవై గజాల లోపల, పక్కకు తిరిగి నిలబడితేనే బాణం వదులుతుంది. గురి ముందుకాలి జబ్బ వెనక, ఊపిరితిత్తుల మీద. ఎదురుగా నిలబడినదాన్ని కొట్టడం చేతగానివాళ్ల పని అంది. ఇవన్నీ అడగకముందే చెప్పేది. చెట్టు మీద నోరు మూసుకుని కూర్చోవలసిన పనిలో ఉన్న మనిషి కింద అంత మాట్లాడడం నేనెక్కడా చూడలేదు.

సెప్టెంబరు పోయింది, అక్టోబరు పోయింది, ఒక్కటీ పడలేదు. జింకలు పక్కింటి కంచె దగ్గర అన్నం తిని, అటు నుంచి అటే పోయేవి. మా వైపు రావలసిన అవసరం వాటికేముంది? నవంబరులో మగవి మదమెక్కి తిరిగే రోజుల్లో మాత్రం కొన్ని మా చెట్టు కిందికి వచ్చాయి. వంటింటి కిటికీలోంచి నేను చూస్తుండగానే చెవి చిరిగినది, దాని వెనక ఇంకొకటి, పది నిమిషాలు మంచె కింద మేశాయి. అమ్మాయి విల్లు ఎత్తలేదు. చీకటి పడ్డాక దిగివస్తే అడిగాను.

“ఎందుకు వదిలావు?”

“ఆంటీ, వాటి వెనక బిగ్ బక్ ఉంది. కొమ్ములకి ఎయిట్ పాయింట్స్! ఆడదాన్ని కొడితే అది పారిపోతుంది. నేను వెయిట్ చేశా.”

“మొదట ఆడదాన్ని కొట్టాలని నియమం. ఆ మగదాన్ని కొట్టే హక్కు నీకు ఇంకా లేదు.”

“యా, బట్… రెండూ అయిపోతాయి అనుకున్నా.”

“నీకు గోడకు కొమ్ములు కావాలంటే మీ అత్తగారి ఊరు పో. నాకు ఆడవి తగ్గాలి. నువ్వు వదిలిన రెండూ మేలో ఆరవుతాయి. ఆ ఆరింటి పిడుదులూ నా పెరట్లో రాలతాయి.”

ఆమె ముఖం ఎర్రబడింది. “ఆంటీ, యూ ఆర్ సో మీన్,” అంది.

“అవును. ఎల్లుండి గాలి ఉత్తరం నుంచి. ఉదయమే రా.”

వచ్చింది. ఒకదాన్ని కొట్టింది. నవంబరంతటికీ అదొక్కటే. వేటను వ్యతిరేకించేవాళ్లు అన్నం పెట్టి జింకలను దాచారు, వేటగత్తె కొమ్ములకోసం వదిలింది, మధ్యలో మా ఆయన మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కూడా వేసుకోకుండా ఎండిన పాదులు పీకుతున్నారు. ఆ నెలలో నాకు మనుషులెవరూ నచ్చలేదు.

ఆ సమయంలోనే అమ్మాయి ఒక మాట చెప్పింది. “ఫన్నీ తెలుసా ఆంటీ? నేను స్మెల్ లేకుండా ఇంత కష్టపడతానా, ఆ హౌస్‌లో పోపు స్మెల్ వస్తే డీర్ పారిపోవు. వస్తాయి! ఎగ్జాస్ట్ ఫ్యాన్ సౌండ్ రాగానే చెవులు ఇలా లేపుతాయి.” నేను రెండు సాయంత్రాలు గమనించాను. నిజమే. పక్కింట్లో తాలింపు వేగి, ఫ్యాన్ తిరిగిన కాసేపటికి అడవి అంచున ఆడవి వరసగా నిలబడేవి. అన్నం వచ్చే వేళ అని వాటికి అలవాటైంది. ఇంగువ, ఆవాల వాసనకు అడవి జంతువు లొట్టలు వేసే స్థితికి తెచ్చారు మనవాళ్లు.

జనవరిలో పక్కింటాయన తండ్రి తద్దినం వచ్చింది. నలభై మందికి కేటరింగు చెప్పారు. మంచు పడి ఇరవై మందే వచ్చారు. మిగిలిన అన్నం, గారెలు, పాయసం రెండు పెద్ద ట్రేలు, వాటికి తోడు ఒక బస్తా మొక్కజొన్న గింజలు కంచె దగ్గర గుమ్మరించారు. “పాపం స్నోలో ఏం తింటాయి!” అని ఆయన భార్య వీడియో కూడా తీసి గుంపులో పెట్టింది. ఇరవై గుండె బొమ్మలు వచ్చాయి.

మూడో రోజు పొద్దున తలుపు దబదబా కొట్టిన చప్పుడు. పక్కింటాయన, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో మంచులో నిలబడి ఉన్నాడు.

“ఆంటీ, దిస్ ఈజ్ టూ మచ్! మీ హంటర్ మా యార్డ్‌లో మూడు డీర్‌ని చంపేసింది! ఐ యామ్ కాలింగ్ ద టౌన్‌షిప్!”

“పిలవండి. నేనూ వస్తాను,” అని కోటు వేసుకున్నాను.

రెండు ఆడవి, ఒక పోయినేటి పిల్ల. కంచెకు వాళ్ల ఇంటి వైపే పడి ఉన్నాయి. కుడి కాలు ఈడ్చేది వాటిలో ఒకటి. పొట్టలు డోళ్లలా ఉబ్బి ఉన్నాయి. నెత్తురు చుక్క లేదు. ఊరి జంతువుల అధికారి గంటలో వచ్చాడు. తిప్పి చూసి బాణం గాయం లేదన్నాడు. ఏమైనా తినడానికి పెట్టారా అని అడిగాడు.

“నో, నథింగ్,” అన్నాడు పక్కింటాయన.

“రెండు ట్రేలు,” అన్నాను నేను. “అన్నం, గారెలు, పాయసం. దానిపైన ఒక బస్తా మొక్కజొన్న. వీడియో కూడా ఉంది.”

అధికారి చేతులకు తొడుగులు వేసుకుని ఒకదాని పొట్ట కోశాడు. పులిసి పాడైన దోసెల పిండి వాసన గుప్పున వచ్చింది. నిండా అన్నం, గింజలు, గింజ గింజగా, అరగకుండా. చలికాలంలో వీటి కడుపు రెమ్మలకు, బెరడుకు అలవాటుపడి ఉంటుందని, ఒక్కసారిగా ఇంత పిండి పదార్థం పడితే లోపలంతా ఆమ్లమై రెండు మూడు రోజుల్లో చస్తాయని అతడు చెప్పాడు. ఇలాంటివి ఏటా చూస్తూనే ఉంటానన్నట్టు విసుగ్గా చెప్పాడు. ఊళ్లో మేత పెట్టడం నిషేధమని గుర్తుచేసి, ఈసారికి హెచ్చరిక అన్నాడు. కళేబరాలు సొంత స్థలంలో ఉన్నాయి కనుక తీయించుకోవడం ఇంటివాళ్ల పనని చెప్పి వెళ్లిపోయాడు.

పక్కింటాయన ముక్కు మూసుకుని నిలబడ్డాడు. “చలికి చనిపోయి ఉంటాయి కదా ఆంటీ? ఇట్ వాజ్ సో కోల్డ్.”

“చలికి కాదు. మీ నాన్నగారి తద్దినానికి.”

ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ విచారించడం లేదు.

కళేబరాలు తీసే కంపెనీవాళ్లు మంచు వల్ల వారానికి గాని రామన్నారు. ఆయన భార్య శవాలుండగా దేవుడి దగ్గర దీపం పెట్టననీ, పొయ్యి ముట్టించననీ కూర్చుంది. పురోహితుడు ఫోన్‌లో ముందు వాటిని తీయించి తరువాత పుణ్యాహవాచనం అన్నాడు. మంద మీద అంత ప్రేమ ఉన్న వీధిలో ఒక్కరూ వచ్చి కాలు పట్టుకుని లాగలేదు. వాట్సాప్ గుంపులో ఏడుపు బొమ్మలు పెట్టారు.

సాయంత్రానికి ఆయన మళ్లీ మా గుమ్మంలో ఉన్నాడు. ఈసారి బూట్లు వేసుకున్నాడు.

“ఆంటీ, ఆ అమ్మాయి… షీ హ్యాజ్ ఎ స్లెడ్, రైట్? మంచు మీద లాగేది? కొంచెం అడుగుతారా?”

“అడుగుతాను. లోపలికి రండి.”

కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని, నన్ను, మళ్లీ దాన్ని చూశాడు.

“ఆంటీ, దిస్ ఈజ్ బ్లాక్‌మెయిల్.”

“కాదు. మీరు సంతకం పెట్టకపోయినా ఆ పిల్ల వచ్చి లాగుతుంది, నేను ఫోన్ చేశాను కూడా. కానీ ఒకటి చెప్పండి. ఆమె నవంబరులో ఒకదాన్ని కొట్టింది. నిమిషం లోపల పడిపోయింది. దాని మాంసం ఆకలిగొన్నవాళ్లకు పోయింది. మీరు మూడింటిని చంపారు. రెండు రోజులు గిలగిలలాడి చచ్చాయి, వాటి మాంసం కుక్కకు కూడా పనికిరాదు. ఇందులో అహింస ఎవరిది?”

మా ఆయన సోఫాలోంచి, “పోనీలేవే, పిల్లాడు భయపడుతున్నాడు,” అన్నారు.

“మీరు మాట్లాడకండి. ఇదంతా మీ చిక్కుడు పందిరి కోసం.”

పక్కింటాయన ఆయన వైపు చూశాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆయన మెడ సన్నబడింది. చొక్కా కాలరు వదులుగా ఉంటుంది. అది అప్పుడే చూసినట్టున్నాడు. లేదా పొయ్యి వెలగని ఇంటికి వెళ్లాలని గుర్తొచ్చిందేమో, నాకు తెలియదు. పెన్ను అడిగాడు.

“డాటర్ స్కూల్ నుంచి వచ్చే టైమ్‌కి మాత్రం వద్దు ఆంటీ.”

“సరే. ఇక మెతుకు కూడా కంచె దగ్గర పడకూడదు.”

“ఓకే.”

“తారీఖు వేయండి. ఇంటి నంబరు కూడా.”

మంచె మరుసటి శనివారం మేపుల్ చెట్టెక్కింది. వేటకాలం ముగియడానికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. అన్నం ఆగిపోయినా జింకలకు ఆ సంగతి తెలియదు. అలవాటు ప్రకారం వచ్చేవి. అమ్మాయి పక్కింటావిడతో, “ఆంటీ, మీరు ఏం చేయొద్దు. రోజూలాగా సాయంత్రం పోపు పెట్టండి, ఫ్యాన్ వేయండి, చాలు,” అంది. ఆవిడ వింతగా చూసి, “నేను పోపు పెడితే నాకూ పాపం వస్తుందా?” అని అడిగింది. “పోపుకు రాదు, ట్రేకు వచ్చింది,” అన్నాను.

ఫిబ్రవరి మొదటి ఆదివారం మా వంటింటి కిటికీలోంచి చూశాను. గాలి వాగు వైపు నుంచి ఇళ్ల వైపుకి. పక్కింట్లో ఫ్యాన్ మోగింది. చెవి చిరిగినది ముందు, మరో రెండు దాని వెనక, ఇరుకు దారిలో ఒకదాని వెనక ఒకటి. మేపుల్ కింద చెవి చిరిగినది ఆగి పక్కకు తిరిగింది. బాణం చప్పుడు నాకు వినిపించలేదు. అది ఎగిరి, అరవై అడుగులు పరుగెత్తి, నిలబడి, ఒరిగిపోయింది. మిగతావి ఎటు పోవాలో తెలియక చూశాయి. అమ్మాయి అరగంట చెట్టు మీదే కూర్చుంది. వెంటనే దిగి వెంటపడితే, ప్రాణముంటే లేచి మైలు పోతుందట. దిగాక మంచు మీద నెత్తుటి జాడ చూసుకుంటూ, ఒక్కొక్క చుక్క దగ్గర ఆగి నడిచింది. ఈసారి కొమ్ములున్నదేదీ ఆమె చూడలేదు. చూసినా నాతో చెప్పలేదు.

కాలం ముగిసేలోపు ఇంకో నాలుగు కొట్టింది. అన్నీ ఆడవే. మాంసం అన్నదాన కేంద్రాలకు పోయింది. కొంత ఆమె వండి తెచ్చింది. నేను మాంసం ఇష్టపడను. మా ఆయన గిన్నె ఖాళీ చేసి, “మటన్ కన్నా నయమే,” అన్నారు.

ఏప్రిల్‌లో లెక్క చూశాను. పంతొమ్మిదిలో బాణానికి ఆరు, అన్నానికి మూడు, ఒకటి హైవే మీద కారుకు. తొమ్మిది మిగిలాయి. మా ఆయన మే నుంచి పెరట్లోనే ఉన్నారు. నేను ఎంత అరిస్తే అన్నిసార్లు ప్యాంటు మేజోళ్లలోకి దోపుకుంటారు. సాయంత్రం దీపం కింద కూర్చోబెట్టి మోకాళ్ల వెనక, చెవుల వెనక, వీపు మీద చూస్తాను. కిందటి వేసవిలో ఆయన మీద రెండు పిడుదులే దొరికాయి. రెండూ ఇంకా పట్టుకోనివే. ఆ ముందటేడు వారానికి రెండు మూడు దొరికేవి. జింకలు తగ్గినందుకా, వాన లేనందుకా అంటే నేను చెప్పలేను. ఒక్క ఏటి లెక్కతో ఏదీ తేల్చకూడదు.

ఆగస్టు చివర పక్కింటాయన వచ్చాడు. చేతిలో కాగితం. ఆ వసంతంలో వాళ్లు ఇంటి ముందు ఖరీదైన పూలమొక్కలు వేయించుకున్నారు. మేత ఆగిపోయిన జింకలు మొదట తిన్నవి అవే. వేళ్ల దాకా తిన్నాయి.

“ఆంటీ, నేను ఆల్రెడీ సైన్ చేసేశా,” అన్నాడు. “డేట్, హౌస్ నంబర్, ఎవ్రీథింగ్. అసోసియేషన్ మీటింగ్‌లో కూడా చెప్పాను, దిస్ ఈజ్ ద ఓన్లీ హ్యూమేన్ వే అని. ఈసారి ఎక్కువ కొట్టమనండి. ముందు వైపు కూడా ఒక మంచె పెట్టొచ్చా?”

“ముందు వైపు రోడ్డు ఉంది.”

“సెక్యూరిటీ కెమెరాలో క్లియర్‌గా పడ్డాయి ఆంటీ. రాస్కల్స్. నా హైడ్రేంజియాలు మొత్తం తినేశాయి.”

“వాటి కళ్లు చూశారా?” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. “నైట్ విజన్ ఆంటీ, కళ్లు తెల్లగా మెరుస్తాయి,” అన్నాడు.

కాగితం తీసుకుని చూశాను. తారీఖులో సంవత్సరం పాతది వేశాడు. కొట్టేసి సరిగా రాయించి, పక్కన మళ్లీ సంతకం పెట్టించాను. వెనక నుంచి మా ఆయన, “ఎవరే వచ్చింది?” అని కేకేశారు. సొరకాయలు కోయడానికి నిచ్చెనెక్కి ఉన్నారు. ప్యాంటు మేజోళ్లలో లేదు.